సగటు మనిషీ – ప్రతినిధి మనిషీ

ఒక శరీరాన్ని పరీక్షించి, ఆ ఫలితాన్ని కోట్లాది శరీరాలకు వర్తింపజేసే హక్కు శాస్త్రానికి ఎక్కణ్ణించి వచ్చింది? ఈ ప్రశ్న వైద్యశాస్త్రమంత పాతది. ఇప్పుడది కొత్త రూపంలో మన ముందుకు వచ్చింది. పరీక్షకు నిలబడుతున్నది రక్తమాంసాల మనిషి కూడా కాదు, కంప్యూటరులో అంకెలతో కట్టిన మనిషి. సెల్‌ఫోను ఏంటెనా నుంచి బయలుదేరిన తరంగం తలలోకి ఎంత లోతుకు పోతుంది, ఏ భాగంలో ఎంత శక్తిని వదులుతుంది అని అడిగితే జవాబు చెప్పేవాళ్లలో ఈ అంకెల మనిషి ముఖ్యుడు. అతని పక్కన అదే పనికి నిలబెట్టిన ప్లాస్టిక్ తల మరొకటి వుంది. ఈ ఇద్దరి సాక్ష్యం మీదనే ఫోన్లు బజారులోకి వస్తున్నాయి.

నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. తరంగాల గణితం మీద తీర్పు చెప్పే పని నాది కాదు. అయితే ఒకణ్ణి చూపించి “ఇతడు అందరికీ ప్రతినిధి” అనటం వుంది చూశారూ, అది గణితంలో తేలే విషయం కాదు. సాహిత్యంలో పాత్రచిత్రణ గురించి మనం ఏళ్ల తరబడి తర్కిస్తున్న విషయమే అది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. 1865లో మాక్స్‌వెల్ విద్యుత్తునూ, అయస్కాంతత్వాన్నీ, కాంతినీ ఒకే సిద్ధాంతం కిందికి తెచ్చాడు. 1887-88లో హెర్ట్జ్ ఆ తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. సమీకరణాలు చేతికి వచ్చాయి గాని, వాటిని ప్రతిచోటా సాధించటం కుదరలేదు. గోళం, స్తంభం వంటి తీరైన ఆకారాలకైతే కాగితం మీదనే జవాబు దొరుకుతుంది. మనిషి తల గోళం కాదు. అందులో చర్మం, కొవ్వు, ఎముక, నెత్తురు, మెదడు వున్నాయి. ఒక్కొక్కటి తరంగాన్ని ఒక్కొక్క తీరున వంచుతుంది, ఒక్కొక్క మోతాదులో మింగుతుంది. అక్కడ కాగితం చాలదు.

1966లో కేన్ యీ అనే శాస్త్రవేత్త ఒక మార్గం చూపాడు. స్థలాన్నంతా చిన్న చిన్న ఘనాకారపు గడులుగా విభజించాలి. గడి అంచుల మీద విద్యుత్ క్షేత్రం విలువను, ముఖాల మీద అయస్కాంత క్షేత్రం విలువను వుంచాలి. కాలాన్ని కూడా చిన్న చిన్న అడుగులుగా విడగొట్టాలి. ఒకసారి చుట్టూ వున్న అయస్కాంత విలువలను బట్టి విద్యుత్ విలువను సరిదిద్దాలి. మరోసారి విద్యుత్ విలువలను బట్టి అయస్కాంత విలువను సరిదిద్దాలి. ఇలా వేల అడుగులు నడిస్తే తరంగం ఏంటెనాను వదిలి, చెంపను తాకి, ఎముక దాటి లోపలికి పోవటం అంకెలలో కనపడుతుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ప్రతి గడీ తన ఇరుగుపొరుగు గడులనే అడుగుతుంది. దూరాన్నుంచి మంత్రంలా పనిచేసే శక్తికి ఇందులో చోటు లేదు. 1975లో అమెరికాలో టాఫ్లోవ్, బ్రాడ్విన్ ఈ పద్ధతితోనే మైక్రోతరంగాలు సోకిన మానవ నేత్రపు నమూనాలో వేడి ఎలా పెరుగుతుందో లెక్కగట్టారు.

లెక్క సులువైనదే గాని చవకైనది కాదు. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో 33 సెంటీమీటర్లు. కండరంలోకి వచ్చేసరికి అది సుమారు నాలుగున్నర సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. గడి వైశాల్యం మాట అటుంచి, గడి అంచు పొడవు ఆ తరంగం పొడవులో పదోవంతును మించకూడదు. చెవి మడతలూ, కనుగుడ్డూ సరిగ్గా రావాలంటే ఇంకా చిన్నదై వుండాలి. గడి అంచును సగం చేస్తే గడులు ఎనిమిదింతలవుతాయి, కాలపు అడుగులు రెండింతలవుతాయి, మొత్తం పని పదహారింతలవుతుంది. అందువల్ల ఈ విద్య కంప్యూటర్లతోపాటే ఎదిగింది.

ఈ లెక్క చేసిన మేలును తక్కువ చెయ్యరాదు. బతికి వున్న మనిషి మెదడులోకి కొలతసూది గుచ్చటం ఎవరికీ సమ్మతం కాదు. గుచ్చకుండానే లోపలి సంగతి తెలుసుకోవటం గొప్ప విజయం. శాస్త్రాన్ని అనుమానించటమే అభ్యుదయమనుకునే వాళ్లతో నాకు పని లేదు.

అసలు చిక్కు తరవాత వస్తుంది. సమీకరణానికి మనిషి తెలియడు. ఏ గడిలో ఎముక వుంది, ఏ గడిలో మెదడు వుంది అని దానికి మనం చెప్పాలి. అంటే ఒక మనిషిని తెచ్చి ఆ గడులలో నింపాలి. ఎవరిని?

దీనికి చరిత్ర చెప్పే జవాబు వినదగ్గది. 1993 ఆగస్టులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో జోసెఫ్ పాల్ జెర్నిగన్ అనే 39 ఏళ్ల ఖైదీకి హత్యానేరం మీద మరణశిక్ష అమలు జరిగింది. విషపు సూదిమందుతో ప్రాణం తీశారు. చనిపోయాక తన దేహాన్ని శాస్త్రానికి ఇవ్వటానికి అతడు సంతకం చేసి వున్నాడు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి పథకం కోసం ఎంపికైన పురుష దేహం అదే. దాన్ని గడ్డకట్టించి, ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున 1,871 పొరలుగా చెక్కి, ప్రతి పొరనూ ఫోటో తీసి 1994లో ప్రపంచానికి విడుదల చేశారు. మరుసటి ఏడు మేరీలాండ్‌కు చెందిన 59 ఏళ్ల స్త్రీ దేహాన్ని ఇంకా సన్నని పొరలుగా చేసి విడుదల చేశారు. ఆమె పేరు బయటపెట్టలేదు. టెక్సస్‌లోనే బ్రూక్స్ వైమానిక స్థావరంలోని సైనిక పరిశోధకులు ఆ పురుష దేహపు పొరలను గడులుగా మార్చి, గడిగడికీ ధాతువు పేరు పెట్టి, రేడియో తరంగాల లెక్కకు నిలబెట్టారు. చాలాకాలం ఎందరో పరిశోధకులు వాడుకున్న నమూనా అది. అలా, బతికే అర్హత లేదని రాజ్యం తీర్పు చెప్పిన మనిషే బతికి వున్నవాళ్ల క్షేమానికి కొలబద్ద అయ్యాడు. అతని అపెండిక్సు అంతకు ముందే తీసివేసి వుంది. శరీరం బరువు సుమారు 90 కిలోలు. మానవుడి నమూనా అనగానే పరిపూర్ణ మానవుణ్ణి వూహించుకునే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నమూనా ఎప్పుడూ ఒకానొక మనిషే. అతనికి ఒక పేరు వుంటుంది, ఒక దేశం వుంటుంది, చావుకు ఒక కారణం వుంటుంది.

గడులలో నింపే ధాతుగుణాల సంగతీ అంతే. కండరం విద్యుత్తును ఎంత నిలవచేస్తుంది, ఎంత ప్రవహింపనిస్తుంది అనే అంకెలకు 1996లో లండనులో గేబ్రియల్, ఆమె సహచరులు ప్రచురించిన కొలతలు పెద్ద ఆధారం. వాటిలో చాలా భాగం జంతువుల ధాతువుల మీద, కొంత శవపరీక్షలలో లభించిన మానవ ధాతువుల మీద తీసినవి.

ప్లాస్టిక్ తలకూ ఒక చరిత్ర వుంది. ఫోన్లను పరీక్షించటానికి 2003 నుంచి ప్రమాణంగా తీసుకున్న ఆ తల ఆకారం 1988లో అమెరికా సైనికుల శరీరాలను కొలిచిన పట్టికల నుంచి వచ్చింది. నూటికి తొంభైమంది పురుష సైనికుల తలలకన్న పెద్దదైన తల అది. లోపల ధాతుభేదం లేదు. మెదడుకు బదులు ఒకే రకమైన ద్రవం పోస్తారు. యంత్రహస్తం ఆ ద్రవంలో కొలతసూదిని తిప్పుతుంది.

దీన్ని సమర్థించేవాళ్ల వాదం ఉత్తదేమీ కాదు. పెద్ద తల, ఏకరూప ద్రవం – ఈ రెండూ కలిస్తే శోషణ నిజమైన తలలో కన్న ఎక్కువగానే తేలుతుందనీ, ఫోను అత్యధిక శక్తితో పనిచేస్తున్నప్పుడే పరీక్షిస్తారనీ, కాబట్టి తప్పు జరిగినా క్షేమం వైపే జరుగుతుందనీ వాళ్లంటారు. చాలా నమూనాలతో పోల్చి చూసినప్పుడు ఆ మాటకు బలమే వుంది. కాని పసివాళ్ల దగ్గరకు వచ్చేసరికి కథ మారింది.

1996లో ఉటా విశ్వవిద్యాలయంలో ఓం ప్రకాశ్ గాంధీ, ఆయన సహచరులు అయిదేళ్ల, పదేళ్ల పిల్లల తలలలోకి తరంగం పెద్దలలో కన్న లోతుగా పోతుందని లెక్కతో చూపారు. 1998లో యూరపులో కుస్టర్ బృందం చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. సమీకరణాలు ఒకటే అయితే జవాబులు రెండెలా వచ్చాయి? పిల్లవాణ్ణి తయారుచేసిన తీరులో తేడా వుంది. మొదటివారు పెద్దవాడి తలను కుదించి పిల్లవాడి తల చేశారు. రెండోవారు పిల్లల తలలనే స్కానింగు చేసి తీసుకున్నారు. ఆ తరవాత పరిశోధన ముందుకు సాగి, ఇద్దరి మాటలోనూ కొంత నిజం వుందని తేలింది. తల మొత్తం మీద గరిష్ఠ విలువ పెద్దగా మారకపోయినా, లోపలి భాగాలలో పంపిణీ మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో చేసిన సమీక్ష ప్రకారం, ఫోను వాడే పిల్లలలో మెదడుకు సగటున చేరే శక్తి పెద్దవాళ్లలో కన్న రెండింతలు వుండవచ్చు. కపాలపు ఎముక మూలుగలో అయితే పదింతల దాకా వుండవచ్చు. పిల్లవాడు కుదించిన పెద్దవాడు కాడని బాలసాహిత్యం రాసేవాళ్లకు మనం చెపుతూనే వున్నాం. ఇంజనీర్లు తమ దారిలో అదే సత్యానికి చేరుకున్నారు. 2010 నాటికి స్విట్జర్లాండులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, 11 ఏళ్ల బాలిక, 6 ఏళ్ల బాలుడు కలిసిన నమూనా కుటుంబాన్ని తయారుచేశారు. జపానువాళ్లు 2004 నాటికే తమ దేశపు కొలతలతో ఒక పురుషుణ్ణీ, ఒక స్త్రీనీ తయారుచేసుకున్నారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ తరంగాల వల్ల నిర్ద్వంద్వంగా రుజువైన హాని వేడి ఒక్కటే. 2011లో ఆ సంస్థ వీటిని “క్యాన్సర్ కారకం కావచ్చు” అనే వర్గంలో చేర్చింది గాని, సాక్ష్యం పరిమితమనే చెప్పింది. నేను భయపెట్టటానికి రాయటం లేదు. ప్రతినిధి ఎవరనే ప్రశ్న, హాని ఎంత అనే ప్రశ్న కన్న ముందుది. ప్రతినిధిని తప్పుగా ఎన్నుకుంటే హాని లేదన్న జవాబును కూడా నమ్మలేం.

“సగటు మనిషి” అనే భావాన్ని 1835లో బెల్జియం శాస్త్రజ్ఞుడు కెత్లే ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన ఖగోళశాస్త్రవేత్త. ఒకే నక్షత్రాన్ని పదిసార్లు చూస్తే పది కొలతలు వస్తాయి, వాటి సగటు నిజానికి దగ్గరగా వుంటుంది. మనుషులకూ ఈ సూత్రమే వర్తిస్తుందని ఆయన అనుకున్నాడు. అక్కడే మెలిక వుంది. పది కొలతల వెనక వున్నది ఒకే నక్షత్రం. పదిమంది మనుషుల వెనక “అసలు మనిషి” అంటూ ఎవడూ లేడు.

మన మిత్రులొకరు ఇక్కడ అడ్డు తగలవచ్చు: “మార్క్స్ విలువ సిద్ధాంతం నిలబడింది సగటు శ్రమ మీదనే గదా! సగటును కాదంటే ఎలా?” మంచి ప్రశ్న. సామాజికంగా అవసరమైన శ్రమ అనేది పండితుడు కాగితం మీద వేసిన సగటు కాదు, బజారు నిజంగా చేసే సగటు. నెమ్మదిగా నేసే నేతగాడి గుడ్డకు ఎక్కువ ధర రాదు. వేగంగా నేసేవాడి మగ్గం అతని కూడు మీద ప్రభావం చూపుతుంది. సమాజం వాళ్లిద్దరినీ ఆచరణలో కలిపివేస్తుంది. తరంగం పుట్టించే వేడికి అటువంటి బజారు లేదు. నా మెదడులోని వేడిని మరొకరి మెదడు పంచుకోదు. పదిమందిలో తొమ్మిదిమందికి తక్కువ తగిలినందువల్ల పదోవాడికి వూరట కలగదు. సమాజంలో జరగని సగటును లెక్కలో జరిపించినప్పుడు, ఎవరి బాధో ఒకరిది అంకెల మధ్య కనపడకుండా పోతుంది.

ఒకే తల లోపల కూడా ఇదే జరుగుతుంది. కిలో ధాతువుకు ఎన్ని వాట్లు అనే కొలతను అమెరికా 1996 నుంచి ఒక గ్రాము మీద సగటు తీసి 1.6కు పరిమితం చేసింది. అంతర్జాతీయ కమిషన్ 1998లో పది గ్రాముల మీద సగటు తీసి 2 అన్నది. చూడటానికి దగ్గరి అంకెలే. కాని పది గ్రాములంటే రెండు సెంటీమీటర్లకు పైచిలుకు వైపున్న ఘనం. అందులో ఒక మూల కణకణలాడుతున్నా మిగతా మూలలు దాన్ని కప్పివేయగలవు. మనదేశం 2012 సెప్టెంబరు 1 నుంచి ఒక గ్రాము మీద 1.6 అనే కఠినమైన హద్దునే అమలులోకి తెచ్చింది. అమెరికాలో 2013లో చెవి డొప్పను చేతులూ కాళ్ల వంటి అవయవంగా పరిగణించాలని నిర్ణయించారు. దానితో ఆ భాగానికి పది గ్రాముల మీద 4 వాట్ల హద్దు వచ్చింది. చెవి తలలో భాగమా, కాదా అన్నది ప్రకృతి తేల్చిన విషయం కాదు. మనుషులు సమావేశమై తేల్చారు.

మరి సగటును కాదంటే మనకున్న దారి ఏమిటి? సాహిత్య విమర్శ దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు ఎంగెల్స్ రాసిన లేఖతో మొదలై, లూకాచ్ చేతిలో విస్తరించిన ప్రతినిధి పాత్ర భావన అదే. కన్యాశుల్కంలో గిరీశాన్ని తీసుకోండి. ఆనాటి విజయనగరంలో ఇంగ్లీషు నేర్చిన యువకులందరినీ కూడి భాగిస్తే గిరీశం రాడు, ఎవరో ఒక సామాన్య గుమాస్తా వస్తాడు. గిరీశం వంటివాడు అరుదు. అయినా ఆ కాలపు బోలు సంస్కరణవాదం, జీవనాధారం చూపలేని చదువు, మాటకారితనం అతనిలో కలుసుకున్నాయి. అందుకే అతడు ప్రతినిధి. ఎక్కువమందిని పోలి వుండటం వల్ల ఎవడూ ప్రతినిధి కాడు. ఆ పరిస్థితిలోని శక్తులన్నీ ఎవరి మీద కేంద్రీకరిస్తాయో అతడే ప్రతినిధి అవుతాడు. అందుకే ముందు పరిస్థితి తెలియాలి, తరవాతనే పాత్ర దొరుకుతుంది.

ఈ కొలతతో చూస్తే తరంగాల లెక్కకు ప్రతినిధి ఎవరు? జీవితమంతా ఫోనుతో గడపవలసిన పసివాడు ఒకడు. రెండోవాడు టవరెక్కి ఏంటెనాను మరమ్మతు చేసే కూలివాడు. ఈ రెండోవాడి దగ్గర కొంచెం ఆగాలి.

హద్దులు ఎలా పుట్టాయో చూడండి. ఆకలిగొన్న ఎలుకలకూ, కోతులకూ తిండి ఆశ చూపి ఒక పని నేర్పారు. తరంగాల మోతాదు పెంచుతూ పోయారు. శరీరమంతటి మీద కిలోకు సుమారు 4 వాట్ల దగ్గర, వొంటి వేడి ఒక డిగ్రీ మేర పెరిగే చోట, అవి తిండి కోసమైనా ఆ పని చెయ్యటం మానుకున్నాయి. దాన్నే హాని మొదలయ్యే గీతగా పెట్టుకున్నారు. ఆకలిని కూడా ఓడించి పని ఆపించేటంత వేడి ఆ గీతకు పునాది అన్నమాట. అందులో పదోవంతు, అంటే 0.4 వాట్లు, వృత్తిరీత్యా తరంగాల మధ్య పనిచేసే వాళ్లకు హద్దు. యాభయ్యోవంతు, అంటే 0.08 వాట్లు, ప్రజలకు హద్దు.

కార్మికుడికీ పౌరుడికీ మధ్య అయిదింతలు! పదోవంతు కూడా తగినంత జాగ్రత్తేనని నిపుణులంటారు. నేను కాదనను. నా ప్రశ్న ఆ అయిదింతల మీద. గేటు దాటగానే శరీరధర్మం మారుతుందా? దీనికి చెప్పే కారణం ఇది: కార్మికులు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు, ప్రమాదం తెలిసినవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు. ప్రజలలో పసివాళ్లూ, రోగులూ వుంటారు, వాళ్లకు తరంగం వున్నట్టే తెలియదు. ఈ కారణం అబద్ధం కాదు. 2020లో కమిషన్ కొత్త మార్గదర్శకాలు వెలువరిస్తూ, గర్భిణి అయిన కార్మికురాలి విషయంలో గర్భస్థ శిశువును ప్రజల లెక్కలోనే చూడాలని చెప్పింది కూడా. తల్లి శరీరం ఒక హద్దులో, ఆమె కడుపులోని శిశువు మరో హద్దులో!

తెలియటం వల్ల మాంసం చల్లబడదు. తెలిసినవాడు తప్పుకోగలడు కాబట్టే తెలియటానికి విలువ వచ్చింది. తప్పుకోగల అధికారం లేనివాడికి తెలిసి ఏం ప్రయోజనం? ఏంటెనాను ఆపించి గాని ఎక్కనని చెప్పే ధైర్యం, రోజు కూలికి కంట్రాక్టరు కింద పనిచేసేవాడికి వుంటుందా? శిక్షణ వున్నట్టు కాగితం మీద సంతకం వుంటే చాలునా? కార్మికుడికి అయిదింతలు అనుమతించే వాదం నిజం కావాలంటే అతనికి తగిన శిక్షణ, కొలత పరికరం, పనిని నిరాకరించే హక్కు, ఆ హక్కును నిలబెట్టే సంఘం వుండాలి. ఇవి లేనిచోట ఆ అయిదింతలను శాస్త్రం ఇవ్వలేదు, అతని నిస్సహాయత ఇచ్చింది. జెర్నిగన్ సంతకం గురించి అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: చేతులకు సంకెళ్లున్నవాడి సమ్మతి ఎంతవరకు సమ్మతి?

ఈ విషయంలో రెండు తప్పుదారులున్నాయి. మొదటిది అజ్ఞానపుదారి. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు ఆవుపేడతో చేసిన చిప్పొకటి ఆవిష్కరించి, అది ఫోను రేడియేషనును తగ్గిస్తుందన్నారు. మాక్స్‌వెల్ సమీకరణాలకు పేడ పవిత్రత తెలియదు. ప్రజల భయాన్ని సొమ్ము చేసుకునే బిళ్లలూ, స్టిక్కర్లూ ఈ కోవలోవే. రెండోది అహంకారపుదారి: “లెక్క మాది, మీకు అర్థం కాదు, నమ్మండి” అనటం. లెక్క నిపుణులదే. కాని ఎవరి తలను పెట్టాలి, ఎన్ని గ్రాముల మీద సగటు తియ్యాలి, చెవిని ఎందులో చేర్చాలి, కార్మికుడికి ఎన్నింతలు ఇవ్వాలి అన్నవి లెక్కలో నుంచి రాలేదు. లెక్కకు ముందే ఎవరో నిర్ణయించి లెక్కలో పెట్టారు. ఆ అంతర్జాతీయ కమిషన్ నిపుణులు తమలో తాము ఎన్నుకునే సంఘం. ఏ దేశపు ప్రజలూ దాన్ని ఎన్నుకోలేదు. నిపుణుల నిజాయితీని శంకించకుండానే ఈ మాట అనవచ్చు.

మన దేశంలో అమ్మే ఫోనులో *#07# నొక్కితే ఒక అంకె కనపడుతుంది. ఆ అంకె తెలుసుకునే హక్కు వుండటం మంచిదే. ఆ అంకె ఎవరి తల మీద వచ్చిందో, ఆ తలను ఎవరు ఎన్నుకున్నారో కూడా తెలుసుకునే హక్కు మనకు రావాలి. విద్యార్థులు భౌతికశాస్త్రం తరగతిలో ఆ ప్రశ్న అడగాలి. ఉపాధ్యాయులు అది సిలబసులో లేదని తోసివెయ్యకూడదు. టవరు కార్మికుల సంఘాలు హద్దుల చర్చలో కూర్చోవాలి. ప్రమాదాన్ని మోసేవాడు నమూనాగా కాక సభ్యుడుగా ఆ గదిలోకి వచ్చినప్పుడు ప్రాతినిధ్యం అనే మాటకు పూర్తి అర్థం వస్తుంది.